గాజు పెంకుల గొలుసు

మా చిన్నతనంలో ఎండాకాలం సెలవులు వస్తే హోసూరు దగ్గరి మా పల్లెలో ఆడపిల్లలకు ఒక పని ఉండేది. ఏడాది పొడుగునా ఇంట్లో చిట్లిన గాజుల పెంకులన్నీ ఒక డబ్బాలో దాచుకొని, మధ్యాహ్నం పెద్దవాళ్ళు కునుకు తీసే వేళకు వసారాలో కిరసనాయిలు బుడ్డి వెలిగించి దాని చుట్టూ చేరేవాళ్ళం. పెంకును మంట మీద పెడితే కాసేపటికి మెత్తబడి వంగేది. వంగిన పెంకులో మరో పెంకు దూర్చి, కొనలు మెత్తబడగానే పట్టకారుతో నొక్కితే లంకె అయ్యేది. ఎర్రది, పచ్చది, నీలిది, మళ్ళీ ఎర్రది. మూరెడు గొలుసు తయారైతే దాన్ని వాకిలికి తోరణంలా కట్టి మురిసిపోయేవాళ్ళం.

రాత్రి అందరూ పడుకున్నాక వాకిలి దగ్గర 'టిక్కు'మని చిన్న చప్పుడయ్యేది. పొద్దున లేచి చూస్తే ఒకటి రెండు లంకెలు విరిగి గుమ్మం మీద పడి ఉండేవి. ఎవరూ ముట్టుకోలేదు, గాలి కూడా లేదు. ఏడుపు మొహంతో అవ్వ దగ్గరికి పోతే ఆమె ముందు మా మాట దిద్దేది. గాజు 'పగిలింది' అనకూడదు, 'పెరిగింది' అనాలి. ఆ తరవాత, "ఒక బట్టీ గాజు ఇంకో బట్టీ గాజుతో కాపరం చెయ్యదు పాపా. మీ చిన్నతాతనడుగు, ఎందుకో చెప్తాడు" అనేది.

చిన్నతాత అంటే అవ్వ తమ్ముడు. గాజుల మలారం భుజాన వేసుకుని హోసూరు, డెంకణికోట సంతలు తిరిగినవాడు. గాజును గోటితో తట్టి, చప్పుడు విని, అది ఎక్కడి సరుకో చెప్పేవాడు. నేను ఆయన్ను అడగలేదు. పెద్దదాన్నయ్యాక అడుగుదామనుకునేసరికి ఆయన లేడు. హైస్కూల్లో చరిత్ర పాఠాలు చెప్పి, ఉద్యోగం ముగించుకున్న తరవాత, తీరిగ్గా గాజు చరిత్ర చదువుతుంటే ఆ 'టిక్కు' చప్పుడుకు జవాబు దొరికింది. ఆ జవాబు కనుక్కోవడానికి ప్రపంచంలో ఎందరు ఎన్ని శతాబ్దాలు తంటాలు పడ్డారో కూడా తెలిసింది. అదే ఇక్కడ చెప్పబోతున్నాను.

మన భాషలో ఒక విశేషం ఉంది. చేతికి వేసుకునేదీ గాజే, అది తయారయ్యే పదార్థమూ గాజే. మా ఊళ్ళో పక్కింటి తమిళులకు ఒకటి వళైయల్, మరొకటి కణ్ణాడి. ఎదురింటి కన్నడిగులకు పదార్థం గాజే గాని చేతిది మాత్రం బళె. వేరువేరు మాటలున్నవాళ్ళ మధ్య పెరిగాను గనకనే మనకు రెంటికీ ఒకే మాట ఉందని నేను గమనించగలిగాను.

గాజుతో సొగసైన వస్తువులు చేసే పద్ధతులు చాలా ఉన్నాయి. ఇనుప గొట్టం కొనకు కరిగిన గాజును తీసుకుని నోటితో ఊదడం మనలో చాలామంది సినిమాల్లోనైనా చూసి ఉంటారు. దానికంటె పాతది, తక్కువమందికి తెలిసినది మరొకటి ఉంది. రంగురంగుల గాజు ముక్కలను చల్లగా ఉన్నప్పుడే కోసి, కావలసిన బొమ్మ వచ్చేలా పక్కపక్కన, ఒకదాని మీద ఒకటి పేర్చి, బట్టీలో పెట్టి కాలుస్తారు. సుమారు 650 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గర గాజు పలక తన బరువుకు తానే వంగి అచ్చులోకి జారుతుంది. 750 దగ్గర ముక్కలు ఆకారం చెడకుండా ఒకదానికొకటి అంటుకుంటాయి. 800 దాటితే పూర్తిగా కరిగి ఒకే పలక అవుతాయి. రంగులు మాత్రం కలిసిపోవు. ఎర్ర ముక్క ఎర్రగానే, నీలి ముక్క నీలంగానే ఉండి, మధ్యన అతుకు కనబడదు.

వినడానికి సులువుగానే ఉంది. చిక్కంతా చల్లారడంలో ఉంది. గాజు వేడికి సాగుతుంది, చల్లారితే ముడుచుకుంటుంది. ఎంత ముడుచుకుంటుందన్నది అందులో కలిసిన ఇసుక, సోడా, సున్నం పాళ్ళను బట్టి, రంగు కోసం వేసిన లోహాలను బట్టి మారుతుంది. ఈ రకం కళకు వాడే ఒక జాతి గాజు ఒక్కో డిగ్రీకి తన పొడుగులో కోటిలో 90 వంతులు సాగుతుంది. మరో జాతి 96 వంతులు సాగుతుంది. కోటిలో ఆరు వంతుల తేడా ఎవరికి కనిపిస్తుంది? కాని ఆ రెంటినీ కలిపి కాలిస్తే, చల్లారేటప్పుడు ఒకటి ఎక్కువ లాగుతుంది, మరొకటి తక్కువ లాగుతుంది. బయటికి తీసినప్పుడు చూడ ముచ్చటగా ఉన్న పలక ఆ రోజో, వారానికో, నెలకో 'టిక్కు'మంటుంది. ఒకే జాతి గాజైనా తొందరపడి చల్లారిస్తే పైభాగం ముందు బిగుసుకుని, లోపలిది ఆ తరవాత ముడుచుకుని, అదే గతి పడుతుంది. అందుకని 500 డిగ్రీల చుట్టుపక్కల బట్టీని చాలాసేపు నిలిపి, ఆ పైన నిదానంగా వేడి దించుతారు. అమెరికాలో పాలొమార్ కొండ మీది దూరదర్శిని కోసం 1934 డిసెంబరులో 200 అంగుళాల అద్దపు దిమ్మె పోతపోశారు. దాన్ని చల్లార్చడానికి పది నెలలు పట్టింది.

ఈ పని ఎప్పుడు మొదలైందో చూద్దాం. నేటి ఇరాక్‌లోని తెల్ అల్ రిమా వంటి చోట్ల క్రీ.పూ. 15వ శతాబ్ది ప్రాంతానివి రంగు గాజు ముక్కలను పక్కపక్కన పేర్చి బట్టీలో అతికిన పాత్రల పెంకులు దొరికాయి. అంటే మూడు వేల అయిదు వందల ఏళ్ళ నాటి మాట. ఆ కాలానికి నోటితో ఊదడం ఎవరికీ తెలియదు. గాజు చేయడం ఒక చోట, దాంతో వస్తువులు చేయడం మరో చోట జరిగేది. టర్కీ తీరాన ఉలుబురున్ దగ్గర క్రీ.పూ. 14వ శతాబ్ది చివర మునిగిన ఓడను 1982లో కనుగొన్నారు. అందులో దాదాపు 175 గాజు దిమ్మెలు ఉన్నాయి. వాటిలో ముదురు నీలివి, లేత నీలివి ఎక్కువ.

ఆ తరవాతి కాలంలో అస్సీరియా రాజు అషుర్‌బనిపాల్ నినెవే నగరంలో క్రీ.పూ. 7వ శతాబ్దిలో కూర్చిన గ్రంథాలయంలో గాజు తయారీ గురించిన మట్టి పలకలున్నాయి. బట్టీకి పునాది వేయడానికి మంచి నెల, మంచి రోజు చూడాలట. దేవతా మూర్తులను నిలిపి బలి ఇవ్వాలట. బయటివారు, మైలతో ఉన్నవారు ఆ చోటికి అడుగు పెట్టకూడదట. బట్టీకి పూజ చేయడం మన కుమ్మరులకూ కమ్మరులకూ కొత్త కాదు. బయటివాడు రాకూడదన్న కట్టడి మాత్రం నాకు మనసులో నాటుకుంది. ఈ కళ చరిత్ర పొడుగునా ఆ తలుపు మూత కనబడుతూనే ఉంటుంది.

అలెగ్జాండరు తరవాతి గ్రీకుల కాలానికి పనితనం పరాకాష్ఠకు చేరింది. రంగురంగుల కడ్డీలను కట్టగా పేర్చి, వేడి చేసి, సాగదీస్తారు. ఎంత సన్నగా సాగినా అడ్డకోతలో అదే పువ్వు, అదే చుక్క ఉంటుంది. ఆ కడ్డీని బిళ్ళలుగా కోసి, బిళ్ళలను గుండ్రంగా పరిచి, బట్టీలో ఒకే పలకగా అతికి, మళ్ళీ వేడి చేసి అచ్చు మీద గిన్నెగా వంచుతారు. గ్రీసు దగ్గర ఆంటికిథెరా దీవి పక్కన మునిగిన ఓడ 1900లో బయటపడింది. దానిలోని వింత గడియారపు యంత్రం గురించి అందరూ విన్నదే. అదే ఓడలో ఇలాంటి గాజు గిన్నెలూ దొరికాయి. రెండు వేల ఏళ్ళు సముద్రం అడుగున ఉండి కూడా వాటి అతుకులు ఊడలేదు. వాటిని చల్లార్చిన చేతులు ఎంత ఓర్పు గలవో ఊహించుకోవచ్చు.

సరిగ్గా ఆ కాలంలోనే, క్రీ.పూ. మొదటి శతాబ్దిలో, సిరియా, పాలస్తీనా ప్రాంతంలో గొట్టంతో ఊదడం మొదలైంది. జెరూసలేము పాత నగరపు తవ్వకాల్లో క్రీ.పూ. 50 ప్రాంతపు పనిచోటు చెత్త దొరికింది. రోజంతా పట్టే గిన్నె నిమిషాల్లో తయారు కాసాగింది. ధర పడిపోయింది. సామాన్యుడి ఇంటికీ గాజు పాత్ర వచ్చింది. అది మంచిదే. కాని బట్టీలో అతికే పని క్రమంగా మూలబడి, కొన్ని తరాలకు ఆ గిన్నెలు ఎలా చేశారో చెప్పేవాడు లేకుండా పోయాడు.

ఈ కథలో మన తీరానికీ చోటుంది. క్రీ.శ. మొదటి శతాబ్ది నాటి పెరిప్లస్ అనే గ్రీకు నావికుల పుస్తకం భరుకచ్ఛానికీ ముజిరిస్‌కూ దిగుమతయ్యే సరుకుల్లో ముడి గాజును చెబుతుంది. పుదుచ్చేరి దగ్గర అరికమేడులో 1945లో మార్టిమర్ వీలర్, తరవాత కసాల్, 1989-92 మధ్య విమలా బెగ్లీ తవ్వకాలు జరిపారు. అక్కడ రోమను గాజు పాత్రల పెంకులు దొరికాయి. అంతకంటె ఎక్కువగా దొరికినవి చిన్న చిన్న గాజు పూసలు. అరికమేడులోనే చేసిన పూసలవి. అలాంటివే ఒకవైపు ఆఫ్రికా తీరం దాకా, మరోవైపు ఆగ్నేయాసియా దాకా దొరుకుతున్నాయి.

పూసల చరిత్ర మీద బతుకు ధారపోసిన అమెరికన్ పరిశోధకుడు పీటర్ ఫ్రాన్సిస్ వాటికి ఇండో-పసిఫిక్ పూసలని పేరు పెట్టాడు. అరికమేడు పద్ధతి నశించలేదనీ, తిరుపతి దగ్గరి పాపానాయుడుపేటలో అది బతికే ఉందనీ ఆయన వాదించాడు. ఆ ఊరు చిత్తూరు జిల్లాలో ఉండేది, 2022 నుంచి తిరుపతి జిల్లాలోది. తమిళ తీరాన రెండు వేల ఏళ్ళ నాటి పని తెలుగు పల్లెలో మిగిలిందని చదివినప్పుడు నాకు ఊరుకోబుద్ధి కాలేదు. తిరుమల వెళ్ళి వస్తూ ఒకసారి ఆ ఊళ్ళో దిగాను.

పొడవాటి ఇనుప గొట్టం కొనకు కరిగిన గాజు ముద్దను చుట్టి, బండ మీద దొర్లించి, శంఖు ఆకారానికి తెచ్చారు. గొట్టంలోంచి ఒక ఊచ దూర్చి ముద్ద నడుమ బోలు చేశారు. దాన్ని మళ్ళీ బట్టీలోకి తోసి, అవతలి కంత దగ్గర కూర్చున్న మనిషి కొక్కెంతో కొనను పట్టి లాగడం మొదలుపెట్టాడు. నూలు వడికినట్టు సన్నని గాజు గొట్టం తెగకుండా వస్తూనే ఉంది. గొట్టం లావు కొలిచే సాధనం ఏదీ లేదు, ఉన్నది అతని చేయి ఒక్కటే. ఆ గొట్టాలను తుంచి, కత్తి మీద పూసలుగా కోసి, బూడిదలో కలిపి మళ్ళీ వేడి చేస్తారు. పదునైన అంచులు కరిగి నున్నబడతాయి. బూడిద ఎందుకని అడిగితే ఒక పెద్దాయన నవ్వి, "లేకుంటే అన్నీ ఒకటైపోతాయి గదమ్మా" అన్నాడు.

గాజు అతికే పనివాళ్ళు కోరుకునేది ఇక్కడ కాకూడనిది. సూత్రం మాత్రం ఒకటే. నేడు గాజు పలకలు అతికేవారు కూడా బట్టీ పలక మీద తెల్ల బంకమన్ను, అల్యూమినా కలిపిన పూత పూస్తారు. లేకపోతే గాజు పలకకే అతుక్కుపోతుంది. ఎక్కడ కలవాలో, ఎక్కడ కలవకూడదో తెలియడమే ఈ విద్య అని ఆ బూడిద చూశాక నాకు అర్థమైంది.

మూలబడ్డ పాత విద్యను తిరిగి లేవనెత్తినవాళ్ళు 19వ శతాబ్ది చివరి ఫ్రెంచివారు. అన్రీ క్రోస్ అనే శిల్పి గాజును పొడి చేసి, ముద్ద చేసి, అచ్చులో నింపి, బట్టీలో కాల్చి బొమ్మలు చేశాడు. సెవ్ర్ పింగాణీ కర్మాగారంలో ప్రభుత్వం ఆయనకు చోటిచ్చింది. 1907లో ఆయన పోయాడు. ఆయన వెనక దమూస్, దెకోర్షమొఁ, వాల్టర్, ఆర్జీ-రూసో వంటివారు అదే బాట పట్టి అపురూపమైన పాత్రలు చేశారు. కాని పాళ్ళు, వేడి, చల్లార్చే గంటలు ఎవరివి వారు గుట్టుగా ఉంచుకున్నారు. ఒకరు ఇరవై ఏళ్ళు పడి నేర్చినది పక్కవాడు మళ్ళీ మొదటినుంచి నేర్చుకోవలసి వచ్చేది. ఆర్థిక మాంద్యం దెబ్బకు 1931లో ఆర్జీ-రూసో సంస్థ మూతపడింది. చేసేవారు ఒక్కరొక్కరే తగ్గి, విద్య మరోసారి అటకెక్కింది. నినెవే పలకల్లోని తలుపు మూత ఇక్కడా పనిచేసింది.

మూడోసారి లేచింది అమెరికాలో. షికాగోలో మైకేల్, ఫ్రాన్సిస్ హిగ్గిన్స్ అనే దంపతులు 1948లో పెళ్ళి చేసుకుని, తమ ఇంట్లోనే చిన్న బట్టీ పెట్టుకున్నారు. రెండు గాజు పలకల మధ్య రంగుల ఎనామిల్ పొడితో బొమ్మ వేసి, వాటిని ఒకటిగా అతికి, అచ్చులో పళ్ళెంగా వంచేవారు. పైదీ కిందదీ ఒకే జాతి గాజు గనక విరగదు. వేరువేరు రంగు గాజులను కలపాలంటే మాత్రం ఆ చిక్కు అలాగే ఉంది.

ఆ చిక్కును విప్పినది పోర్ట్‌లండ్ నగరంలో 1974లో ముగ్గురు యువకులు మొదలుపెట్టిన బుల్స్ ఐ అనే చిన్న గాజు కర్మాగారం. ష్వోరర్, ఆల్‌గ్రెన్, లండ్‌స్ట్రమ్ వారి పేర్లు. చర్చి కిటికీల్లో సీసపు పట్టీలతో బిగించే రంగు గాజు వారి సరుకు. 1979లో పిల్చక్ గాజు పాఠశాలలో వారికి జర్మన్ కళాకారుడు క్లౌస్ మోయె పరిచయమయ్యాడు. పాత గ్రీకుల మాదిరి కడ్డీలు కోసి అతికేవాడు ఆయన. విరగని రంగుల కోసం వెతుకుతున్నాడు. తాము చేసి ఇస్తామని వారన్నారు. 1981 నాటికి, ఒకదానితో ఒకటి పొసగుతాయని కర్మాగారంలోనే పరీక్షించిన రంగు గాజులు బజారుకు వచ్చాయి. మోయె 1982లో ఆస్ట్రేలియా వెళ్ళి, కాన్‌బెర్రా కళాశాలలో గాజు విభాగం నెలకొల్పి, 2016లో మరణించేనాటికి ఈ కళకు ఒక తరం శిష్యులను తయారుచేశాడు.

ఆ పరీక్ష చాలా సులువు. తెల్ల గాజు పలక మీద రంగు గాజు ముక్కను పెట్టి, బట్టీలో అతికి, నిదానంగా చల్లారుస్తారు. వెలుగును ఒక దిక్కుగా వడకట్టే పలకలు రెండు తీసుకుని, వాటి నడుమ ఈ అతుకును పెట్టి దీపం ముందు చూస్తారు. రెండు గాజులకూ పొసగితే అంతా చీకటిగా ఉంటుంది. పొసగకపోతే ముక్క చుట్టూ తెల్లని వెలుగు వలయం కనిపిస్తుంది. అది లోపలి లాగుడు. ఆ పలక ఇంకా విరగలేదు, విరగబోతుంది.

అంతకంటె ముఖ్యమైనది వారు తరవాత చేసిన పని. 1983లో లండ్‌స్ట్రమ్, ష్వోరర్ కలిసి ఎంత వేడి, ఎన్ని గంటలు, ఎలా చల్లార్చాలి అన్నదంతా పుస్తకంగా అచ్చువేశారు. రెండు మార్లు తలుపు మూసుకుని చచ్చిన విద్య మూడోమారు తలుపు తెరిచి బతికింది. ఇవాళ ఎన్నో దేశాల్లో ఇంటి వెనక కరెంటు బట్టీ పెట్టుకుని ఈ పని చేస్తున్నవారున్నారు.

అలాంటివారిలో బెంగుళూరులో ఉండే మా అక్క మనవరాలు ఒకతె. పోయిన సంక్రాంతికి వెళ్ళినప్పుడు మా అవ్వ డబ్బా తీసుకుపోయాను. అందులో పెంకులు ఇంకా ఉన్నాయి. ఒకే గుత్తిలోవి అని నాకు గుర్తున్న పచ్చ పెంకులను ఒక పక్క, పచ్చవీ నీలివీ కలిపి మరో పక్క పేర్చింది. సాయంత్రం వెలిగించిన బట్టీ మర్నాడు మధ్యాహ్నం దాకా తెరవనివ్వలేదు. "తొందరపడకు అవ్వా, చేయి పెట్టేంత చల్లబడాలి" అంది. తెరిచి చూస్తే పచ్చవి ఒకే బిళ్ళగా అతుక్కున్నాయి. రెండో బిళ్ళ కూడా అతుక్కుంది గాని, పచ్చకూ నీలానికీ మధ్య వెంట్రుక మందాన చీలిక ఉంది. ఒక బట్టీ గాజు ఇంకో బట్టీ గాజుతో కాపరం చెయ్యదన్న మాట నా చెవిలో మోగింది. గోటితో తట్టి చిన్నతాత కనిపెట్టింది ఇదేనేమో! ఆయన బట్టీ చూసిన మనిషి కాదు, పుస్తకం చదివినవాడు కాదు. మలారం మోసిన అరవై ఏళ్ళలో వేళ్ళకూ చెవికీ వచ్చిన తెలివి అది. ఆయనతోనే పోయింది. ఆయన తలుపు మూసుకోలేదు. నేను తట్టలేదు, అంతే.

ఆ పిల్ల ప్రతి కాల్పునూ నోటుబుక్కులో రాసుకుంటుంది. ఆ రోజు కాల్పు రాసుకున్నాక, "చిన్నతాత మాటలు ఏవైనా ఉంటే చెప్పు, ఇక్కడే రాస్తాను" అంది. మలారం, పెంకు, లంకె, గాజు పెరగడం. గుర్తున్నవి నాలుగైదు చెప్పాను. ఇంట్లో తెలుగు మాట్లాడుతుంది గాని బడిలో తెలుగు అక్షరాలు నేర్వలేదు. కన్నడ లిపిలో రాసుకుంది. మొదట మనసు చివుక్కుమన్న మాట నిజం. తరవాత చదివి వినిపించమన్నాను. ఒక్క మాటా తప్పు పోలేదు.

మన పత్రిక చదివే ఇళ్ళలో గాజులమ్మిన పెద్దవాళ్ళు, పూసలు గుచ్చినవాళ్ళు ఇంకా ఉండే ఉంటారు. వెళ్ళి వాళ్ళను అడగండి. ఏ లిపిలోనైనా సరే, రాసి పెట్టండి.